ఓడ ఎక్కించడానికి 3 లక్షలా?

ప్రశ్న: మాది ముత్తుకూరు పక్క ఊరు. రొయ్యల గుంటల మీద బతుకుతున్నాం. మావాడు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. కృష్ణపట్నం వచ్చే ఓడలు చూసి తనూ ఎక్కుతానంటాడు. 3 లక్షలిస్తే కోర్సేమీ లేకుండా మర్చంట్ నేవీలో (సరుకు ఓడల్లో) పెట్టిస్తానని ఒకాయన తిరుగుతున్నాడు. ఇవ్వచ్చా? లేక నౌకాదళం (నేవీ) మేలా?

జవాబు: ఇవ్వొద్దండీ. ఓడల్లోకి మనుషుల్ని పంపే కంపెనీకి, ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. అది ఉన్నవాళ్ళు కూడా ఉద్యోగం ఇప్పించినందుకు పైసా తీసుకోకూడదు. ఆ నంబరు అడిగి చూడండి, ఆయన మళ్ళీ మీ వీధికి రాడు.

ఇక పని సంగతి. మీ రేవులో బొగ్గు దిగిపోగానే ఓడ ఖాళీ అనుకుంటాం. లోపలివాళ్ళకు పని అప్పుడే మొదలు. తర్వాతి సరుకు ధాన్యమైతే హోల్డ్ (సరుకు నింపే గది) మొత్తం ఊడ్చి, సముద్రపు నీళ్ళతో కొట్టి, మంచినీళ్ళతో కడిగి, మసి అంటకుండా చెయ్యాలి. మిగతా రోజుల్లో తుప్పు గీకడం, రంగులెయ్యడం. నడిసముద్రంలో వాచ్ అంటే 4 గంటలు డ్యూటీ, 8 గంటలు విరామం, అలా రోజుకు రెండుసార్లు. రోజుకు కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలని అంతర్జాతీయ నియమం ఉంది కానీ, రేవు తగిలితే నిద్ర ముక్కలే. కింది స్థాయివాళ్ళకు కాంట్రాక్టు 9 నెలల దాకా ఉంటుంది, దిగి ఇంట్లో కూర్చున్న నెలలకు మామూలుగా జీతం రాదు. జీతం చెప్పి ఊరించేవాళ్ళు ఈ మాట మాత్రం ఎత్తరు.

పదో తరగతితో చేరే 6 నెలల జీపీ రేటింగ్‌కు (ఓడలో కింది స్థాయి పనివాళ్ళ కోర్సుకు) ఎంపీసీ కుర్రాణ్ణి పంపడం నాకిష్టం లేదు. ఐఎంయూ సెట్, అంటే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాయించండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, మేథ్స్ కలిపి 60 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం కావాలి. అక్కణ్ణుంచి డెక్ ఆఫీసరో, ఇంజనీరో అయ్యే దారి ఉంది. ఫీజులు మాత్రం బరువే, గుంటల్లో పంట పోయిన ఏడాది అప్పుచేసి చేర్పించకండి.

నేవీలో ఆ ఖర్చు లేదు. అగ్నివీర్‌గా తీసుకుంటే ఒడిశాలోని చిల్కాలో శిక్షణ. మొదటి ఏడాది నెలకు 30,000, అందులో 30 శాతం సేవా నిధి అనే పొదుపుకు పోగా చేతికి 21,000. 4 ఏళ్ళయ్యాక 25 శాతం మంది దాకానే ఉంచుకుంటారు. అంటే నలుగురిలో ముగ్గురు 25 ఏళ్ళ లోపే మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి.

ఏ దారైనా ముందు కళ్ళు చూపించండి. ఎరుపు, ఆకుపచ్చ పోల్చుకోలేకపోతే ఓడ ఎక్కనివ్వరు. డీజీ షిప్పింగ్ గుర్తించిన డాక్టరు దగ్గర పరీక్ష చేయించి ఆ కాగితం పట్టుకొని రండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.