వేగం అదే, గుండె రేటు ఎందుకు పెరుగుతోంది?

ఒకే వేగంతో పరుగెత్తుతున్నా 40 నిమిషాలు దాటేసరికి గుండె రేటు 140 నుంచి 155కి ఎక్కుతోందని, వాచీ పాడైందేమోనని అడిగారు. వాచీని అనుమానించక్కర్లేదండీ, చాలామందికి ఇలాగే జరుగుతుంది. దీన్ని కార్డియాక్ డ్రిఫ్ట్ అంటారు.

చెమట పోసేకొద్దీ రక్తంలో నీరు తగ్గుతుంది. పైగా ఒంటి వేడి బయటికి పంపడానికి కొంత రక్తం చర్మం వైపు మళ్లుతుంది. దాంతో గుండెకు తిరిగొచ్చే రక్తం, అది ఒక్కసారికి తోసే రక్తం రెండూ తగ్గుతాయి. ఆ లోటు పూడ్చడానికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఎండలో, ఉక్కపోతలో ఇంకా ఎక్కువ.

చల్లటి వేళ పరుగెత్తండి, మధ్యమధ్యలో నీళ్లు తాగండి. తేలికపాటి పరుగే మీ ఉద్దేశమైతే, రేటు పెరిగినప్పుడు వేగం తగ్గించేయండి, మొహమాటం వద్దు. నెలల తరబడి సాధన చేస్తే ఈ పెరుగుదల చాలావరకు తగ్గుతుంది. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం వెంటనే ఆపేసి డాక్టర్‌ని కలవండి.