డిజైన్ అండ్ టెక్నాలజీ తీసుకోనివ్వాలా?

ప్రశ్న: మేము నెల్లూరు నుంచి వచ్చి ఇంగ్లండులోని రెడింగ్‌లో స్థిరపడ్డాము. ఇయర్ 9 చదువుతున్న మా అమ్మాయి జిసిఎస్ఈ (ఇక్కడ పదహారేళ్ల వయసులో రాసే పరీక్ష) ఆప్షన్లలో డిజైన్ అండ్ టెక్నాలజీ పెట్టుకుంటానని పట్టుబడుతోంది. మావారేమో అది వడ్రంగం పని అనీ, దాని బదులు కంప్యూటర్ సైన్స్ తీసుకోవాలనీ అంటున్నారు. ఈబాక్‌లో ఆ సబ్జెక్టు లేదని కూడా ఎవరో చెప్పారు. రేపు ఇంజనీరింగు సీటుకు ఇది అడ్డమవుతుందా? ఇంట్లో మేము ఎంతవరకు సాయం చేయవచ్చు?
– ఒక తల్లి, రెడింగ్

జవాబు: అడ్డం కాదు. అక్కడి విశ్వవిద్యాలయాలు ఇంజనీరింగు సీటుకు ప్రధానంగా చూసేది ఏ-లెవెల్‌లో (జిసిఎస్ఈ తరువాతి రెండేళ్ల చదువు) గణితం, చాలా శాఖలకు దానితోపాటు భౌతికశాస్త్రం. జిసిఎస్ఈలో డిజైన్ గాని, కంప్యూటర్ సైన్స్ గాని చదివి ఉండాలన్న షరతు సాధారణంగా ఉండదు. కాబట్టి సీటు సంగతి పక్కనపెట్టి, ఆ చదువు తీరు మీ అమ్మాయికి సరిపడుతుందా అన్నది ఆలోచించండి. ఆప్షన్ల పట్టిక అనుమతిస్తే రెండూ తీసుకునే వీలు కూడా చాలా బడులలో ఉంటుంది. ముందు ఆ విషయం కనుక్కుంటే మీ ఇంటి వాదన సగం తీరిపోవచ్చు.

ఈబాక్ అనేది 2010లో ప్రభుత్వం పాఠశాలల పనితీరును చూడడానికి పెట్టిన కొలత. ఇంగ్లీషు, గణితం, సైన్సు, చరిత్ర లేదా భూగోళం, మరో భాష అందులో చేర్చారు, డిజైన్‌ను చేర్చలేదు. అది విద్యార్థి చేతికి అందే సర్టిఫికెట్టు కాదు, దానికి విడిగా గ్రేడు కూడా ఉండదు.

వడ్రంగం అన్న మాటకు పాత కారణం ఉంది. ఒకప్పుడు ఆ దేశపు బడులలో చెక్కపని, లోహపుపని, కుట్టుపని, వంట వేర్వేరుగా నేర్పేవారు. 1990లో జాతీయ పాఠ్యప్రణాళిక ద్వారా డిజైన్ అండ్ టెక్నాలజీ ఒక సబ్జెక్టుగా వచ్చింది. 2004 నుంచి జిసిఎస్ఈ దశలో అది ఐచ్ఛికమైంది. 2017లో మొదలైన ప్రస్తుత సిలబస్‌లో చెక్క, లోహం, ప్లాస్టిక్, బట్ట, ఎలక్ట్రానిక్స్ అన్నీ ఒకే సబ్జెక్టు కిందికి చేరాయి, వంట మాత్రం విడిపోయి వేరే జిసిఎస్ఈ అయింది. ఇప్పటి వర్క్‌షాపులో రంపం, ఆకురాయి, ఉప్పుకాగితం ఉన్న మాట నిజమే. వాటి పక్కనే లేజర్ కట్టరు, త్రీడీ ప్రింటరు, కంప్యూటరులో నమూనా గీసే సాఫ్ట్‌వేరు కూడా ఉంటాయి.

అసలు సంగతి మార్కులలో తెలుస్తుంది. ఎక్కువ బడులు ఎంచుకునే పరీక్ష బోర్డులలో ఒకటైన ఏక్యూఏ లెక్కనే తీసుకుందాం. సగం మార్కులు రెండు గంటల లిఖిత పరీక్షకు, మిగిలిన సగం ప్రాజెక్టుకు. ప్రాజెక్టుకున్న 100 మార్కులలో సమస్యను గుర్తించి పరిశోధించడానికి 10, ఏం తయారుచేయాలో చెప్పే డిజైన్ బ్రీఫ్‌కూ, అది తీర్చవలసిన షరతుల జాబితా అయిన స్పెసిఫికేషన్‌కూ 10, ఆలోచనలు పుట్టించడానికి 20, వాటిని మెరుగుపరచడానికి 20, వస్తువు తయారీకి 20, విశ్లేషణకూ మూల్యాంకనానికీ 20. అంటే చివరకు బల్ల మీద పెట్టి చూపించే వస్తువుకు నేరుగా దక్కేది మొత్తం జిసిఎస్ఈలో పదో వంతే. ప్రాజెక్టులో మిగిలినదంతా ఆ వస్తువు దాకా ఎలా వచ్చారన్న దానికి చెందుతుంది. చేతిపని బాగా వచ్చినా రాయడమంటే చిరాకుపడే పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు.

ఒక ఉదాహరణ చూడండి. ఇయర్ 10 చివర, జూన్ 1న, బోర్డు ప్రాజెక్టుకు ఇతివృత్తాలుగా కొన్ని సందర్భాలను ప్రకటిస్తుంది. వాటిలో ఒకదానిని విద్యార్థి ఎంచుకోవాలి. ‘దైనందిన పనులలో ఇబ్బందిపడేవారికి సహాయం’ వంటి సందర్భం వచ్చిందనుకుందాం. కీళ్లనొప్పులున్న అమ్మమ్మ నెల్లూరు నుంచి వచ్చి మీ ఇంట్లోనే ఉన్నారు, ఆవకాయ సీసా మూత ఆమెకు తిరగడం లేదు. మంచి మార్కులు తెచ్చుకునే పిల్ల వెంటనే మూత తిప్పే పరికరం బొమ్మ గీయదు. అమ్మమ్మ మూతను ఏ చేత్తో పట్టుకుంటున్నారో, ఏ వేలు జారుతోందో ఫొటోలు తీస్తుంది. వంటింట్లోని సీసాల మూతలన్నిటి వ్యాసాలను వెర్నియర్ కాలిపరుతో కొలిచి పట్టిక వేస్తుంది. దుకాణంలో దొరికే రెండు మూడు పరికరాలను ఆమె చేతికిచ్చి ఏది ఎందుకు నచ్చలేదో ఆమె మాటల్లోనే రాసుకుంటుంది. తరువాత అట్టతో ఒక నమూనా, నురుగు పలకతో మరొకటి చేసి, పిడి లావుగా ఉండి పిడికిలి మూసుకోలేదని అమ్మమ్మ చెబితే, పిడిని ఎన్ని మిల్లీమీటర్లు తగ్గించిందో, తగ్గించాక ఏమైందో నమోదు చేస్తుంది. ప్రాజెక్టు పనినంతా నమోదు చేసే పోర్ట్‌ఫోలియోలో పనికిరాని నమూనా ఫొటో ఉండడం లోపం కాదు, దానిని చూసే మార్కులు వేస్తారు. ముందే తుది వస్తువును నిర్ణయించుకుని, వెనక్కి తిరిగి ఆలోచనలు కల్పించి రాసిన పోర్ట్‌ఫోలియోను అనుభవమున్న ఉపాధ్యాయులు ఇట్టే పసిగడతారు.

మీ సాయం గురించి గట్టిగానే చెప్పాలి. ప్రాజెక్టు విద్యార్థి సొంత పని అయి ఉండాలి, బడిలో ఉపాధ్యాయుల పర్యవేక్షణలో జరగాలి. తండ్రి గీసిన డ్రాయింగు, తల్లి రాసిన పేజీ పరీక్ష నిబంధనల ఉల్లంఘన కిందికి వస్తాయి, ఫలితం మార్కులు పోవడం దాకా వెళ్లవచ్చు. అభిప్రాయమడిగితే వాడుకరిగా చెప్పండి, కొలతలు తీసుకోవడానికి చేతిని అందించండి; కలం మాత్రం పట్టుకోకండి. ప్రాజెక్టుకు బోర్డు సూచించే సమయం 30 నుంచి 35 గంటలు. మన ఇళ్లలో పిల్లలు అందంగా అలంకరించిన పేజీల మీద ఇంతకు రెండింతల సమయం పోసి, మిగిలిన సబ్జెక్టులను నిర్లక్ష్యం చేయడం తరచుగా చూస్తున్నాం. బార్డర్లకు మార్కులు లేవు.

లిఖిత పరీక్షను తేలికగా తీసుకోకూడదు. పదార్థాల ధర్మాలు, యాంత్రిక చలనాలు, ఐసోమెట్రిక్ డ్రాయింగు (వస్తువు మూడు వైపులా కనిపించేలా గీసే బొమ్మ), పర్యావరణ ప్రభావం అన్నీ అడుగుతారు. కనీసం 15 శాతం మార్కులు లెక్కలకే. ఒక పలకలోంచి ముక్కలు కోశాక ఎంత శాతం వృథా అవుతుందన్నటువంటి ప్రశ్నలు కాబట్టి, గణితం బాగున్న అమ్మాయికి ఇది లాభమే.

సబ్జెక్టుల ఎంపిక గురించి తల్లిదండ్రులకు వివరించే ఆప్షన్ల సాయంత్రం బడికి వెళ్లినప్పుడు మూడు విషయాలు తప్పక అడగండి: ఏ పదార్థాన్ని లోతుగా బోధిస్తారు, ఆ సబ్జెక్టుకు స్థిరమైన ఉపాధ్యాయులు ఉన్నారా, మధ్యాహ్నం విరామంలో వర్క్‌షాపు తెరిచి ఉంటుందా. అమ్మాయికి బట్టల డిజైన్ మీద మనసు ఉండి బడి చెక్కపనినే నేర్పుతుంటే, ఆమె పట్టుదల ఆరు నెలలకే సడలిపోవచ్చు. ఈ సబ్జెక్టుకు ఉపాధ్యాయుల కొరత అక్కడ నిజంగానే ఉన్నందున రెండో ప్రశ్నను మొహమాటం లేకుండా అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాదులో కేంబ్రిడ్జి సిలబస్ బడిలో ఐజిసిఎస్ఈ (జిసిఎస్ఈకి అంతర్జాతీయ రూపం) స్థాయిలో ఇదే సబ్జెక్టు చదువుతున్నాడు. మన దేశంలో బి.డెస్. (డిజైన్ డిగ్రీ) చేయాలంటే ఇది పనికొస్తుందా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: అర్హతగా పనికిరాదు, అలవాటుగా పనికొస్తుంది. బి.డెస్. ప్రవేశాల కోసం ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్షకు 12వ తరగతిలో ఏ గ్రూపు చదివినవారైనా కూర్చోవచ్చు. మీకు దగ్గరలోని ఐఐటీ హైదరాబాదులో బి.డెస్. ప్రవేశానికి కూడా అదే దారి. యూసీడ్‌లో కంప్యూటరు మీద రాసే భాగంతోపాటు చేత్తో బొమ్మ గీసే భాగం ఉంటుంది కనుక, వస్తువును పరిశీలించి గీసే అభ్యాసం ఇప్పటినుంచే ఉన్నవారికి కొంత మేలు. 11, 12 తరగతులలో ఈ సబ్జెక్టు వదిలేయవలసి వచ్చినా, స్కెచ్ పుస్తకం మాత్రం వదలనివ్వకండి.