ఫోర్కు నుంచి నూనె కారుతోంది, వారంటీ అడగవచ్చా?

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం బెంగళూరులోనే ఒక మౌంటెన్ బైకు కొన్నాను. ఆదివారాలు తురహళ్లి వైపు, అప్పుడప్పుడు నంది కొండ చుట్టుపక్కల మట్టిదారుల్లో తొక్కుతుంటాను. నెల రోజులుగా ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచి కుదుపులను మింగే రెండు కాళ్ల భాగం) కుడి కాలి మీద నూనె వలయంలా పేరుకుంటోంది. కొన్న దుకాణంవారు ‘అది అరుగుదల, వారంటీలోకి రాదు’ అని ఒక్క మాటతో తేల్చేశారు. అమెరికాలో ఉన్న మా బావగారికి ఫ్రేము విరిగితే పైసా తీసుకోకుండా కొత్తది ఇచ్చారట. అటువంటి మర్యాద ఇక్కడ దొరకదా?
— ఒక పాఠకుడు, జయనగర, బెంగళూరు

జవాబు: దొరుకుతుంది, నాకే దొరికింది. అయితే మీ బావగారి ఫ్రేమునూ మీ ఫోర్కునూ ఒకే గాటన కట్టలేము. ట్రెక్, జయంట్ వంటి కంపెనీలు చాలా ఫ్రేములకు మొదటి కొనుగోలుదారు పేరిట జీవితకాల వారంటీ ఇస్తాయి. శాంటా క్రూజ్ అయితే ఫ్రేము కీళ్లలోని బేరింగులను కూడా ఉచితంగా ఇస్తుంది. ఫోర్కులోని నూనె బయటికి రాకుండా ఆపే సీళ్లు, బ్రేకు ప్యాడ్లు, చైను మాత్రం అరగడానికే ఉన్నవి, వాటిని ఎవరూ వారంటీలో చేర్చరు. ఫోర్కు కాళ్ల కింది భాగాలను, ఫోర్కులు తయారుచేసే రాక్‌షాక్స్ కంపెనీ 50 గంటల సవారీకి ఒకసారి విప్పి, శుభ్రపరచి, నూనె మార్చమంటుంది. అలాంటిదే మరో కంపెనీ ఫాక్స్ 125 గంటలకో ఏడాదికో, ఏది ముందు వస్తే అప్పుడు సర్వీసు చేయించమంటుంది. వారానికి మూడు గంటలు తొక్కారనుకున్నా ఎనిమిది నెలల్లో మీవి నూరు గంటలవుతాయి. ఈలోగా ఒక్కసారైనా సర్వీసు చేయించారో లేదో మీరు రాయలేదు.

అలాగని దుకాణదారు మాటతో ఊరుకోనక్కరలేదు. ఆ నూనెను మెత్తని గుడ్డతో తుడిచి, మెరిసే పై గొట్టం మీద గోరు ఆనించి చుట్టూ తిప్పి చూడండి. ఎక్కడా తగలకపోతే దోషం సీలుదే, డబ్బు పెట్టి మార్పించుకోండి. ఒకే పక్కన పూత చెదిరి లోహం బయటపడి ఉంటే, ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు ఫోర్కు కాళ్లలో టకటకమంటుంటే, పై గొట్టం జారడానికి లోపల అమర్చిన బుష్‌లు సరిగా కూర్చోలేదేమోనని అనుమానించాలి. అది తయారీ లోపం కావచ్చు కనుక అడగదగిన విషయమే.

మూడేళ్ల క్రితం నా బండి వెనుక భాగంలో, వెల్డింగ్ పక్కనే, వెంట్రుకంత సన్నని గీత కనబడింది. రంగు చిట్లిందనుకున్నాను. బండి అమ్మిన దుకాణం యజమాని దాన్ని తలకిందులుగా నిలబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో పెడళ్ల ఇరుసు కింది మట్టిని గీకి సీరియల్ నంబరు బయటికి తీశారు. గీత పక్కన పది రూపాయల నాణెం పెట్టి ఫోటోలు తీశారు. ‘ఎప్పుడైనా పడ్డారా?’ అని అడిగారు. ఒకసారి రాళ్ల మీద పడ్డాననీ, దెబ్బ మాత్రం హ్యాండిలుకు తగిలిందనీ చెబితే, దాచకుండా ఆ మాట కూడా కంపెనీకి రాసిన ఉత్తరంలో చేర్చారు. వెనుక భాగం ఉచితమనీ, విప్పి బిగించే కూలి నేనే ఇవ్వాలనీ, పాత రంగు దొరకదనీ పదకొండు రోజుల్లో కంపెనీ జవాబు వచ్చింది. అప్పటి నుంచి ముందు నలుపు, వెనుక బూడిద రంగుతో తిరుగుతున్నాను. చూసేవాళ్లు ఫ్యాషన్ అనుకుంటున్నారు. ఉచితంగా వచ్చినందుకు కాదు, ఎవరు ఏది భరించాలో పని మొదలుపెట్టక ముందే రాతపూర్వకంగా తేలినందుకు దాన్ని నేను మంచి సేవ అంటాను.

మీరూ అదే దారిలో వెళ్లండి. ఫోర్కును ఎవరూ విప్పకముందే ఫోటోలు తీయించి, సీరియల్ నంబరు, బిల్లు జతచేసి, దుకాణం ద్వారానే కంపెనీకి రాయించి, జవాబును ఈమెయిల్‌లో అడగండి. కార్లు కడిగే ప్రెషర్ పంపుతో బండి కడిగే అలవాటుంటే మానుకోండి, ఆ ధాటికి నీళ్లు సీళ్లను దాటి లోపలికి పోతాయి. తయారీ లోపం స్పష్టంగా కనబడుతున్నా కారణం చెప్పకుండా నిరాకరిస్తే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆ తరువాత 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే, రెండేళ్లలోపు, ఫిర్యాదు చేసుకోవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షలు దాటకపోతే రుసుము లేదు, వకీలు కూడా తప్పనిసరి కాదు. ఒక్క సీలు కోసం మాత్రం అంత దూరం వెళ్లమని నేను చెప్పను.

మీ బిల్లు మెషీన్‌లోంచి వచ్చే నున్నటి కాగితం మీద ఉంటే, అక్షరాలు వెలిసిపోకముందే ఈ రోజే ఫోటో తీసి పెట్టుకోండి.