‘వు వెయ్’ని తెలుగులో ఏమనాలి?

సందేహం: చైనా తత్వవేత్త లావో త్సు మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో తరచూ వచ్చే ‘వు వెయ్’ (అక్షరాలా ‘చెయ్యకపోవడం’) అనే మాటకు ‘నిష్క్రియాత్వం’ అని రాశాను. అది సోమరితనంలా వినిపిస్తోందని, ‘నిష్కామకర్మ’ అని మార్చమని మా మాస్టారు అన్నారు. ఏది సరైనది? ‘తావో’ను ‘మార్గం’ అనవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ మాస్టారు పట్టుకున్న దోషం నిజమైనదే. చెప్పిన మందు మాత్రం పూర్తిగా కుదరదు.

ముందు రూపం సంగతి. క్రియ లేనిది నిష్క్రియం, దానికి ‘త్వం’ చేరితే నిష్క్రియత్వం. మధ్యలో దీర్ఘం అక్కర్లేదు. ఇక అర్థం. పత్రికల్లో ఈ మాట దాదాపు ఎప్పుడూ నిందగానే వస్తుంది. చెయ్యవలసినవాళ్లు చెయ్యకుండా కూర్చున్నారని దాని భావం. లావో త్సు మెచ్చుకున్నది ఆ కూర్చోవడాన్ని కాదు.

ఆయన పేర ఉన్న ‘తావో తె చింగ్’లో 81 అధ్యాయాలున్నాయి. 60వ అధ్యాయంలో, పెద్ద దేశాన్ని ఏలడం చిన్న చేపలు వండినట్టు ఉండాలంటాడు. మాటిమాటికీ కదిపితే చేప పాడవుతుందని ప్రాచీన చైనా తత్వవేత్త హాన్ ఫెయ్ దీనికి వ్యాఖ్య చెప్పాడు. ఈ పోలిక మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. చేపల పులుసు మరుగుతుంటే అందులో గరిటె పెట్టం, గిన్నె అంచులు గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పుతాం. పొయ్యి దగ్గర మనిషి ఉంది, చెయ్యి ఆడుతోంది, కంటి చూపు మంట మీదే ఉంది. దీన్ని నిష్క్రియత్వం అంటే ఆ వండే మనిషికి అన్యాయం చేసినట్టే.

తావో మార్గంలో మరో పెద్ద తత్వవేత్త చువాంగ్ త్సు చెప్పిన వంటవాడు తింగ్ కథ కూడా ఇలాంటిదే. పంతొమ్మిదేళ్లుగా ఒకే కత్తితో వేల ఎడ్లను కోసినా దాని పదును అప్పుడే సానపట్టినట్టు ఉంటుంది. ఎముకను కొట్టడు, కీళ్ల మధ్య ఉన్న సందులోకి కత్తిని పోనిస్తాడు. చిక్కుముడి ఎదురైనచోట చెయ్యి నెమ్మదిస్తుంది.

మరి నిష్కామకర్మ? 2వ అధ్యాయంలో జ్ఞాని పని చేస్తాడు గాని దాన్ని పట్టుకు వేలాడడు, పని ముగిశాక అందులో కాపురం పెట్టడు అనే భావం ఉంది. అంతవరకు మీ మాస్టారి మాట ఒప్పుకోవాలి. కానీ గీతలో నిష్కామకర్మకు స్వధర్మం, ఫలత్యాగం, ఈశ్వరార్పణం అనే పరివారం ఉంది. ఆ మాట వాడగానే అర్జునుడు, యుద్ధభూమి కళ్లముందు నిలుస్తాయి. లావో త్సు ప్రశ్న ఫలం ఎవరిదని కాదు, చేతలో బలవంతం ఉందా లేదా అని. ‘నైష్కర్మ్యం’, అంటే కర్మ అంటని స్థితి, ఇంకొంచెం దగ్గర. కర్మలు మొదలుపెట్టకపోయినంత మాత్రాన అది సిద్ధించదని గీతే (3-4) చెప్పింది. అయినా దాని వెనక కర్మబంధం, మోక్షం నిలబడి ఉంటాయి, చైనా మూలంలో ఆ ఊసే లేదు.

నాకు దారి చూపింది మన వ్యాకరణంలోని ‘అకర్మక క్రియ’. వ్యాకరణంలో కర్మ అంటే పని కాదు, పని ఎవరిమీద లేదా దేనిమీద పడుతుందో అది. అకర్మక క్రియలో క్రియ ఉంది, దెబ్బ తినే కర్మ లేదు. గోరువెచ్చటి పాలలో చెంచాడు మజ్జిగ వేసి మూతపెడతాం. తెల్లారాక ‘పెరుగు తోడుకుంది’ అంటాం. ‘తోడుపెట్టాను’ అన్నది మన వంతు, ‘తోడుకుంది’ అన్నది పాల వంతు. మధ్యలో మూత తీసి కదిపితే రెండూ చెడతాయి. ఉడికించు–ఉడుకు, పండించు–పండు, మాన్పు–మాను, ఇలాంటి జంటలు తెలుగులో కొల్లలు. వు వెయ్ అంటే ఈ జంటల్లో రెండో మాటకు చోటు వదిలిపెట్టడం.

లావో త్సు దీనికి జతగా వాడే ‘త్సు జాన్’ అనే మాటకు అక్షరాలా ‘తానే అలా’ అని అర్థం. తెలుగులో ‘తనంతట తాను’ దానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. 17వ అధ్యాయంలో మంచి పాలకుడి పని పూర్తయ్యాక జనం ‘ఇదంతా మా అంతట మేమే’ అనుకుంటారు.

కాబట్టి మీ వ్యాసంలో ‘వు వెయ్’ను అలాగే ఉంచి, తొలిసారి వచ్చినప్పుడు ‘బలవంతం లేని చేత’ అని విప్పి చెప్పండి. 37వ అధ్యాయంలోని ప్రసిద్ధ వాక్యాన్ని నేనైతే ‘తావో ఏదీ చెయ్యదు, కానిదంటూ ఏదీ ఉండదు’ అని రాస్తాను. మూలంలో రెండుచోట్లా ‘చెయ్యడం’ అనే అర్థమున్న ‘వెయ్’ మాటే ఉంది. ‘చెయ్యనిదంటూ ఉండదు’ అంటే అక్షరానికి దగ్గరే, కానీ ‘అవు’ ధాతువులో ఉన్న తనంతట తానుతనం అందులో రాదు. ‘ఊరక ఉండు’ అనే మాట నాకెంతో ఇష్టం. తమిళ ‘సుమ్మా ఇరు’కు దాన్ని మించిన తెలుగు లేదు. అయితే అది మనసును నిలపడానికి చెప్పిన మాట. వంటవాడు తింగ్ చేతికి అది సరిపడదు.

తావోకు ‘మార్గం’ నిస్సంకోచంగా వాడండి. క్రీ.శ. 647లో కామరూప రాజు భాస్కరవర్మ కోసం ఈ గ్రంథాన్ని సంస్కృతం చెయ్యమని తాంగ్ చక్రవర్తి ఆజ్ఞాపించినప్పుడు, తావో పండితులు ‘బోధి’ అనాలని పట్టుబట్టారు. మన దేశంలో ఏళ్లతరబడి చదువుకుని వెళ్లిన హ్యుయాన్‌త్సాంగ్ ఒప్పుకోలేదు, ‘మార్గ’ అనే అనాలన్నాడు. ఇంగ్లిషులో ఇప్పుడు Dao అని రాస్తున్నారని ‘డావో’ అని మార్చే పని కూడా లేదు. ఆ చైనా హల్లు నాదం లేనిది, ఒత్తు లేనిది. మన ‘త’కే దగ్గర.