అరిగిన లీఫ్ చవకే, బ్యాటరీ లెక్క కూడా వేసుకోండి

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్ళు నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటుంది. జపాన్ వేలంలో బ్యాటరీ అరిగిన నిస్సాన్ లీఫ్ ఎలక్ట్రిక్ కారును తక్కువకు పాడుకుని, మంచి బ్యాటరీని విడిగా ఓడలో తెప్పించి, ఇక్కడ బిగించుకుంటే గిట్టుబాటవుతుందా అని. గిట్టుబాటు కాదు. సరిగ్గా ఇదే తెలివి మీకంటే చాలా ముందే నాకు పుట్టింది, దాని వెల కూడా నేనే కట్టాను.

అవి ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకునే రోజులు. 24 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉన్న పాత లీఫ్ ఒకటి నమ్మశక్యం కానంత తక్కువకు వచ్చింది. ఏజెంటు పంపిన ఫొటోలో డాష్‌బోర్డు కుడివైపు గీతలు నిండుగా ఉన్నాయని సంబరపడ్డాను. ఆ లావు గీతలు ఆ పూట ఛార్జి ఎంతుందో మాత్రమే చెబుతాయనీ, వాటి అంచున ఉండే సన్నని పన్నెండు గీతలే బ్యాటరీలో మిగిలిన సత్తువను చూపిస్తాయనీ డబ్బు కట్టాక గాని తెలియలేదు. తెలిశాకైనా ఊరుకోక, తుక్కుకు వెళ్తున్న మరో లీఫ్ బ్యాటరీని అక్కడే బేరమాడి, దాన్ని వేరే సరుకుగా పంపించమన్నాను.

ఇబ్బంది అక్కడే మొదలైంది. కారులో బిగించి ఉన్న బ్యాటరీ వాహనంలో భాగంగానే ఓడెక్కుతుంది. అదే బ్యాటరీని ఊడదీస్తే ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలోని యూఎన్ 3480 నంబరు కింద తొమ్మిదో తరగతి ప్రమాదకర సరుకు అవుతుంది. దానికి ప్రత్యేకమైన ప్యాకింగ్, పరీక్షా పత్రాలు, డిక్లరేషన్ ఉండాలి. తుక్కు వ్యాపారి దగ్గర ఆ కాగితాలేవీ లేవు. సుమారు నాలుగు వేల కార్లతో వెళ్తున్న ఫెలిసిటీ ఏస్ అనే ఓడ 2022 ఫిబ్రవరిలో అజోర్స్ దీవుల దగ్గర అంటుకుని, మార్చి 1న మునిగిపోయింది. అటువంటివి చూసిన ఓడలవాళ్ళు బ్యాటరీ అనగానే ఉలిక్కిపడుతున్నారంటే వారిని తప్పుపట్టలేము. చివరికి కారు ఇక్కడికి చేరింది, బ్యాటరీ అక్కడి యార్డులోనే ఉండిపోయింది, దాని నిల్వ అద్దె నా ఖాతాలో పడింది. ఇక్కడ ప్రమాదంలో దెబ్బతిన్న మరో లీఫ్ నుంచి తీసిన బ్యాటరీని కొని వేయించుకునేసరికి ఖర్చు తడిసి మోపెడైంది. అయినా ఆ కారును చాలాకాలం నడిపాను, ఎవరి దగ్గరా చేయి చాపలేదు.

కాబట్టి బ్యాటరీ మార్చక తప్పదనుకుంటే, కారును ఉన్న బ్యాటరీతోనే రప్పించి, మార్పిడి ఇక్కడే చేయించండి. లీఫ్ బ్యాటరీ సీట్ల కింద, కారు అడుగున ఉంటుంది. బరువు దాదాపు 300 కిలోలు. కారును లిఫ్టు మీద ఎత్తి, సర్వీస్ ప్లగ్ లాగి హై వోల్టేజీని వేరు చేశాక, కిందినుంచి బల్ల మీదికి దించాలి. వీధి చివర టైర్లు మార్చే అబ్బాయి చేసే పని కాదిది. పాత కారులో 40 కిలోవాట్ అవర్ల బ్యాటరీ కూడా పడుతుంది. కాకపోతే దాన్ని కారు కంప్యూటర్ గుర్తించడానికి నడుమ ఒక చిన్న పరికరం పెట్టాలి, దాని వెల వేరు. ఈ బ్యాటరీకి ప్రత్యేక శీతలీకరణ వ్యవస్థ లేదు గనుక వేడికి త్వరగా అరుగుతుంది. ఆక్లాండ్ చల్లదనం మీకు పైసా ఖర్చు లేకుండా కలిసివస్తుంది.

ఓడ ప్రయాణంలో ముందు చచ్చేది పెద్ద బ్యాటరీ కాదు, బానెట్ కింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది దిగిపోతే పెద్దదాంట్లో ఎంత ఛార్జి ఉన్నా కారు మేలుకోదు. అంతమాత్రాన అసలు బ్యాటరీ పోయిందని బెంబేలెత్తి గ్యారేజీకి డబ్బు పోయకండి. జపాన్ ఛార్జింగ్ కేబుల్‌ను అడాప్టర్ పెట్టి మన 230 వోల్టుల ప్లగ్గులో గుచ్చకండి, ఇక్కడిదే కొనుక్కోండి.

దిగుమతి, పురుగుల తనిఖీ, రిజిస్ట్రేషన్ నియమాలు ప్రభుత్వ సైట్లలో ఉన్నాయి, చదువుకోగలరు. మీరు లెక్కలో మరిచిపోయేవి వేరే ఉన్నాయి. ఓడ ఖర్చులతో కలిపి ఇక్కడికి చేరేసరికి అయ్యే ధర మీద 15 శాతం జీఎస్టీ పడుతుంది. ఎలక్ట్రిక్ కార్లకు ఇచ్చిన ప్రభుత్వ రాయితీ 2023 డిసెంబరు 31తో ముగిసింది. 2024 ఏప్రిల్ 1 నుంచి ప్రతి వెయ్యి కిలోమీటర్లకు 76 డాలర్ల రోడ్డు సుంకం ముందుగానే కట్టాలి. ఇవన్నీ కలిపాక కూడా చవకే అనిపిస్తే, వేలం పాటకు ముందు, లీఫ్ బ్యాటరీ ఎంత బాగుందో చూపే లీఫ్‌స్పై యాప్ స్క్రీన్‌షాట్‌ను ఏజెంటును అడగండి. పంపనంటే ఆ కారును వేరేవాళ్ళకు వదిలేయండి.