జెమ్‌స్త్వో అంటే మన జిల్లా పరిషత్తేనా?

ప్రశ్న: పాత రష్యన్ కథల తెలుగు అనువాదాల్లో డాక్టర్లను, పంతుళ్లను 'జెమ్‌స్త్వో ఉద్యోగులు' అంటారు. అది మన జిల్లా పరిషత్తు వంటిదేనా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పనుల్లో చాలావరకు అంతే, ఓటు దగ్గరే పోలిక చెడుతుంది. రెండవ అలెగ్జాండర్ చక్రవర్తి 1864లో తెచ్చిన జెమ్‌స్త్వో (స్థానిక పాలన సంస్థ) చట్టం ప్రకారం ఉయెజ్ద్ అనే జిల్లా సభకు భూస్వాములు, పట్టణ ఆస్తిపరులు, గ్రామ సమాజాలు వేర్వేరుగా మూడేళ్లకొకసారి ప్రతినిధులను పంపేవారు. అయితే రైతు నేరుగా ఓటు వేసేవాడు కాడు. ఊరివారు పంపిన మనుషులు వోలొస్త్ (కొన్ని ఊళ్ల సముదాయం) సభలో ఎలక్టర్లను ఎంచితే, వారు సభ్యుణ్ణి ఎన్నుకునేవారు. ఈ వడపోతలో రైతు గొంతు ఎంత మిగిలేదో ఊహించవచ్చు. సభ ఎన్నుకున్న 'ఉప్రావా' అనే కార్యవర్గం ముఖ్యంగా భూమిపన్నుతో బడులు, ఆసుపత్రులు, రోడ్లు, పశువైద్యం నడిపేది. మీరు చదివిన డాక్టరుకు జీతమిచ్చింది అదే. 1890 చట్టం ఇంకా బిగించింది: రైతులు అభ్యర్థులను మాత్రమే ఎంచాలి, వారిలోంచి సభ్యులను గవర్నరు నియమిస్తాడు.