ఇటలీ తీరంలో సందడి లేని రేవు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నేనూ మావారూ ఇటీవలే ఉద్యోగ విరమణ చేశాము. ఇటలీ చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాము. ట్రావెల్ ఏజెన్సీలవారు చూపించే ప్రణాళికలన్నీ రోమ్, ఫ్లారెన్స్, వెనిస్ అంటూ రోజుకొక నగరం చొప్పున పరుగులు పెట్టించేలా ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి సముద్రం పక్కనే బతికినవాళ్లం కనుక అక్కడి సముద్రాన్నీ చూడాలనీ, ఒక చిన్న ఊళ్లో నాలుగు రోజులు నింపాదిగా ఉండాలనీ మా కోరిక. అటువంటి ఊరు ఏదైనా సూచించగలరా? అక్కడ చూడడానికి ఏముంటుంది?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: మీరు అడిగిన తీరును బట్టి మీకు నేను సూచించదలచిన ఊరు కమోల్యి. ఇటలీ వాయవ్య తీరంలోని లిగూరియా ప్రాంతంలో, జెనోవా నగరానికి తూర్పున, రైలులో ముప్పావు గంట లోపు ప్రయాణంలో ఉంటుంది. జనాభా సుమారు 5,000. ఇటలీవారికి ఇది తెలియని ఊరు కాదు. వేసవి ఆదివారాలలో జెనోవా, మిలాన్‌ల నుంచి జనం బాగానే వస్తారు. మన దేశం నుంచి వెళ్లేవారు మాత్రం ఇదే కొండకు ఆవలి వైపున ఉన్న పోర్టోఫినోకో, ఇంకా తూర్పున ఉన్న చింక్వే తెర్రే గ్రామాలకో వెళుతూ, రైలు కిటికీలోంచి కూడా గమనించకుండా దీన్ని దాటిపోతారు. పడవల్లో వచ్చిన సందర్శకులు సాయంత్రమయ్యేసరికి తిరిగి వెళ్లిపోతారు. అప్పటి నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా రేవు ఊరివాళ్లదే. కనుక ఒక పూట చూసి రావడానికైతే ఈ ఊరికి వెళ్లవద్దనీ, వెళితే మూడు నాలుగు రాత్రులు తప్పక ఉండమనీ నా సలహా.

విశాఖవారికి ఈ ఊరినే ప్రత్యేకంగా చెప్పడానికి ముఖ్య కారణం అక్కడి చేపలవేట. సముద్రంలోకి పొడుచుకొచ్చిన పుంతా క్యాప్ప అనే కొండకొమ్ముకు సమీపంలో, సముద్రంలో ఒకే చోట లంగరు వేసి నిలిపే పెద్ద వల ఒకటి ఉంది. దాన్ని తొన్నారెల్లా అంటారు. పదిహేడవ శతాబ్దం నుంచి ఆ తీరంలో ఈ వేట సాగుతోంది. తీరం వెంబడి ఈదుకుంటూ వచ్చే చేపలు అడ్డువలను తాకి, దాని పొడవునా లోతు నీటి వైపు మళ్లి, అక్కడున్న వల గదిలోకి చేరతాయి. జాలరులు రోజులో పలుమార్లు పడవల మీద వెళ్లి, యంత్రం సాయం లేకుండా చేతులతోనే ఆ గదిని పైకి లాగుతారు. ఆ వలను ప్రతి సంవత్సరం కొత్తగా అల్లుతారు. అల్లేది నైలాను తాడుతో కాదు, కొబ్బరి పీచుతో. ఒక్క కొబ్బరిచెట్టైనా కాయ కాయని ఆ తీరంలో మనకు ఇంత పరిచయమైన పీచు తాడు సముద్రపు నీటిలో వేలాడుతూ కనిపించడం నాకు ఎంతో ఆప్తంగా తోచే విషయం. ఏప్రిల్‌లో దించిన వల నెలలు గడిచేకొద్దీ నాచు పట్టి పచ్చబడుతుంది, చిన్న చేపలకు మేత అవుతుంది. సెప్టెంబరులో వేట ముగిశాక పీచు భాగాన్ని కోసి సముద్రంలోనే వదిలేస్తారు. అది అడుగున చేరి కుళ్లి కలిసిపోతుంది. పారేసిన నైలాను వలలు మన తీరంలో తాబేళ్లకు ఉరులవుతున్న సంగతి తెలిసినవారికి ఈ పద్ధతి విలువ వేరే చెప్పనక్కరలేదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం వల్ల మరపడవలన్నీ ఫిషింగ్ హార్బరులో కట్టివేసి ఉండే రోజుల్లో, అక్కడ ఈ వల పనిచేస్తూ ఉంటుంది. పేరు ట్యూనా వేటదే అయినా, నేడు వలలో పడేవాటిలో ఎక్కువ భాగం ఇతర జాతుల చేపలే.

ఊరి చరిత్ర కూడా ఓడలదే. పందొమ్మిదవ శతాబ్దంలో ఇంత చిన్న ఊరివాళ్లకు వందలాది తెరచాప ఓడలు ఉండేవి. వేయి తెల్ల తెరచాపల నగరమని ఆ ఊరికి పేరు. ఓడ మునిగితే యజమాని ఒక్కడే మునిగిపోకుండా, ఊరి ఓడల యజమానులందరూ కలిసి 1853లో పరస్పర సముద్ర బీమా సంఘాన్ని స్థాపించుకున్నారు. ఆవిరి ఓడలు రావడంతో ఆ వైభవం క్షీణించింది. ఇదంతా చూడాలంటే ఊళ్లోని సముద్ర మ్యూజియంకు వెళ్లాలి. నౌకాదళమో, పోర్టో, మర్చంట్ నేవీయో తమ ఇంట్లో ఎవరో ఒకరికి జీవనాధారమైన విశాఖ కుటుంబాలకు అక్కడి ఓడల నమూనాలు, నావికుల పత్రాలు ఊరికే చూసి దాటిపోయే వస్తువులుగా అనిపించవు. దానికన్నా నన్ను ఎక్కువగా కదిలించేది బోస్కెత్తో మాత ఆలయం. 1518లో ఒక బాలికకు అక్కడ మేరీమాత దర్శనమిచ్చిందని నమ్మకం. తుపాను నుంచి బతికి బయటపడ్డ నావికులు మొక్కుబడిగా సమర్పించిన చిత్రాలు అక్కడ ఉన్నాయి. విరిగిన తెరచాప కొయ్య, ఎగసిన అల, పై మూలన మేఘాల మధ్య మాత. రాస్ హిల్ మీది మేరీమాత ఆలయానికి, ఆ పక్క కొండ మీది దర్గాకు, వేంకటేశ్వరస్వామి గుడికి సముద్రంలోకి వెళ్లేవాళ్ల ఇళ్ల నుంచి మొక్కులు వెళ్లే నగరంలో ఉన్నవారు మీరు. ఆ చిత్రాల ముందు మీకు వేరే వివరణ అవసరం ఉండదు.

రేవు వెంబడి ఇళ్లు ఆరేడు అంతస్తుల ఎత్తున, పసుపు, కాషాయం, ఎరుపు రంగుల్లో ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. దగ్గరికి వెళ్లి చూడండి: కిటికీలలో కొన్ని, వాటి చుట్టూ చెక్కినట్టు కనిపించే రాతి అలంకారం చాలావరకు, గోడ మీద వేసిన బొమ్మలే. సముద్రం మీద నుంచి తిరిగి వచ్చే నావికులు తమ ఇల్లు తాము గుర్తుపట్టడానికే ఈ రంగులని స్థానికులు చెబుతారు.

ఒక రోజు సాన్ ఫ్రుత్తువోసోకు కేటాయించండి. కొండల మధ్య చిన్న ఖాతంలో నిలిచిన ప్రాచీన మఠం అది. అక్కడికి రోడ్డు లేదు. పడవ మీదో, కాలినడకనో చేరవలసిందే. జెనోవాను ఏలిన దోరియా వంశీయుల సమాధులు అందులో ఉన్నాయి. ఆ కుటుంబం 1983లో మఠాన్ని ఇటలీ వారసత్వ పరిరక్షణ సంస్థ అయిన ఫాయ్‌కి అప్పగించింది. ఆ ఖాతంలోనే, సుమారు 17 మీటర్ల లోతున, చేతులు పైకి చాచిన క్రీస్తు కంచు విగ్రహం ఉంది. శిల్పి గ్విదో గల్లెత్తి. 1947లో అక్కడ నీటిలోకి దిగి మరణించిన డైవర్ దారియో గొంజాత్తి జ్ఞాపకార్థం అతని మిత్రుడు దూయిలియో మర్కాంతె పూనికతో 1954 ఆగస్టులో దాన్ని నీటి అడుగున నిలిపారు. రుషికొండలో స్కూబా నేర్చుకున్న యువతీయువకులు మీ ఇంట్లో ఉంటే వారికి ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: మేము పూర్తి శాకాహారులం. మా అత్తగారు కోడిగుడ్డు తగిలిన పదార్థం కూడా ముట్టరు. చేపల ఊరికి వెళితే పస్తులు ఉండవలసి వస్తుందేమోనని ఆమె బెంగ. నిజమేనా?
– ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: పస్తులు ఉండవలసిన అవసరం రాదు. లిగూరియా వంటలో ఆలివ్ నూనె, ఆకుకూరలు, శనగపిండి ప్రధానం. మీ అత్తగారికి నేను మొదట చెప్పేది ఫరినాతా. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపిన పలుచని పిండిని వెడల్పాటి పళ్లెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు. పైన మిరియాల పొడి చల్లుకుంటే, మన పెసరట్టుకు దూరపు చుట్టంలా అనిపిస్తుంది. పాలు, గుడ్డు ఏవీ అందులో ఉండవు. ఫొకాచ్చా రొట్టె కూడా ఆలివ్ నూనె, ఉప్పులతో చేసేదే; ఉదయం వేడిగా ఉన్నప్పుడే కొనుక్కోవాలి. పక్క ఊరైన రెక్కోలో రెండు పలుచని పొరల మధ్య మెత్తని జున్ను (చీజ్) పెట్టి కాల్చే ఫొకాచ్చా ప్రసిద్ధి.

జాగ్రత్తపడవలసినవి కొన్ని ఉన్నాయి. పెస్తో పచ్చడి చూడడానికి పూర్తిగా ఆకే అయినా అందులో కలిపే పర్మిజానో, పెకొరీనో జున్నులను దూడ లేదా గొర్రెపిల్ల పొట్ట నుంచి తీసిన పదార్థంతో తోడు పెడతారు. ఆకుకూర కూరిన పన్సోతి అనే పాస్తాలో గుడ్డు ఉంటుంది. కమోల్యి మిఠాయి దుకాణాలలో కనిపించే రమ్ము క్రీము మిఠాయిలు పిల్లలకు కొనిపెట్టవద్దు. నెత్తళ్ల జాతి చేపను అక్కడివారు మాంసంగా లెక్కపెట్టక రుచి కోసం వేస్తుంటారు కనుక, 'సెంజా కార్నె, సెంజా పెషె, సెంజా ఉవోవా', అంటే మాంసం, చేప, గుడ్డు లేకుండా అని ముందే చెప్పాలి. కాగితం మీద రాసి చూపిస్తే ఇంకా మంచిది. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా భోజనశాలలు మూసేసి రాత్రి ఏడుకు గాని తెరవవు. వృద్ధులు వెంట ఉన్నప్పుడు ఈ వేళలు మరచిపోకూడదు. వంటగది ఉన్న బస తీసుకుని, బియ్యం, పప్పుధాన్యాలు అక్కడే కొని వండుకుంటే ఆమె బెంగ పూర్తిగా తీరుతుంది.

ప్రశ్న: కమోల్యికి ఏ నెలలో వెళ్లాలి? వీసాకు ఎంత ముందుగా ప్రయత్నించాలి? నాకు మోకాళ్ల నొప్పులు, అక్కడ తిరగగలనా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

సమాధానం: జూన్ మొదటి పక్షం, లేదా సెప్టెంబరు. సెప్టెంబరులో జనం తగ్గుతారు, వేసవంతా కాగిన నీరు ఇంకా చల్లబడదు, వల కూడా సముద్రంలోనే ఉంటుంది. ఆగస్టులో ఇటలీ అంతా సెలవుల మీద తీరానికే చేరుతుంది కనుక, మీరు కోరే నిశ్శబ్దం దొరకదు. అయితే ఆగస్టు మొదటి ఆదివారం రాత్రి సముద్రనక్షత్ర మాతగా కొలిచే మేరీమాత పేరిట వేలాది చిన్న దీపాలను నీటి మీద వదులుతారు. కార్తీకమాసంలో దీపాలు వదిలే అలవాటున్నవారు, రద్దీని ఓర్చుకోగలిగితే, ఆ ఒక్క రోజుకు మాత్రం నా మాట పక్కన పెట్టవచ్చు. మే రెండవ ఆదివారం జరిగే చేపల పండుగకు, 1952లో మొదలైనది, పెద్ద బాణలిలో చేపలు వేయించి జనానికి పంచుతారు. ప్రశాంతత కోరేవారు ఆ రోజు తప్పించుకోవాలి. అక్టోబరు, నవంబరులలో లిగూరియాలో కుండపోత వానలు పడతాయి. 2011, 2014లలో జెనోవాలో వరదలు ప్రాణాలు తీశాయి.

ఇటలీకి కావలసిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. పదిహేను రోజుల ముందు వరకు గడువున్నా, విశాఖ నుంచి వెళ్లేవారు రెండు మూడు నెలల ముందే పూర్తి చేసుకోవడం మేలు. పెద్దలకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మిలాన్‌లో దిగి, రైలులో జెనోవాకు, అక్కడ ప్రాంతీయ రైలు మారి కమోల్యి-సాన్ ఫ్రుత్తువోసో స్టేషనుకు చేరాలి. ప్రాంతీయ రైలు కాగితపు టికెట్టును ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించుకోకపోతే జరిమానా కట్టవలసి వస్తుంది.

మోకాళ్ల విషయంలో మీకు ధైర్యం చెప్పడం కన్నా నిజం చెప్పడం అవసరం. ఆ ఊళ్లో మెట్లు చాలా ఎక్కువ. స్టేషను నుంచి రేవుకు కూడా మెట్లు దిగే వెళతారు. రేవు వీధి మాత్రం చదునుగా ఉంటుంది. బస కుదుర్చుకునేటప్పుడు లిఫ్టు ఉన్నదా, వాకిలి దాకా టాక్సీ వస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. పాత భవనాలలో చాలావాటికి లిఫ్టు ఉండదు. బీచిలో ఇసుక లేదు, గులకరాళ్లే. అడుగు మెత్తగా ఉండే రబ్బరు చెప్పులతోనే నీటిలోకి దిగాలి. సాన్ ఫ్రుత్తువోసోకు కొండదారిన నడిచే ఆలోచన పెట్టుకోవద్దు, బత్తెరీ అనే చోటు మీదుగా వెళ్లే దారిలో గొలుసులు పట్టుకుని దాటవలసిన చోట్లున్నాయి. పడవలో వెళ్లండి. నైరుతి గాలి లేచిన రోజున పడవలు ఆపేస్తారు కనుక, ఆ ప్రయాణాన్ని చివరి రోజుకు వాయిదా వేయకుండా, మీరు చేరిన మర్నాడే, సముద్రం ఒప్పుకుంటే, ముగించుకోండి.